వకాలతు పుచ్చుకొన్న కథానాయిక



అపరాధ పరిశోధక నవల యనగానే మన తెలుగు పాఠకులకు ముందుగా స్ఫురించువాడు డిటెక్టివు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును ఆప్తబంధువువలె ఎరిగిన తరము మనలో నేటికిని కలదు. ఈ జాతి కథల నడక మనకు కంఠస్థము: ఒక హత్య జరుగును, పలువురిపై అనుమానము ప్రసరించును, కడపటి ప్రకరణమున పరిశోధకుడు దోషిని వ్రేలితో చూపును, ఆ చూపుటతో కథయు పాఠకుని కుతూహలమును ఒక్కసారిగా ముగియును. అట్లు చూపబడిన మనుష్యుడు బోనెక్కిన నాడు వాని పక్షమున మాటాడువారెవరు, పరిశోధకుడు కనిపెట్టితిననుకొన్నది న్యాయాధిపతి యెదుట నిలుచునా, నిలువదా అను ప్రశ్నలు ఆ నవలలకు పట్టవు. ఆ ప్రశ్నలతోడనే ప్రారంభమగు నవలాశాఖ మరియొకటి కలదు. ముద్దాయి పక్షమున వకాలతు పుచ్చుకొన్నది స్త్రీ యైనపుడు ఆ శాఖ యెట్టి విశేషమును సంతరించుకొన్నదో నేటి ప్రసంగమున మనవి చేయదలచితిని.

డిటెక్టివు ధర్మము సత్యమును కనిపెట్టుట. ముద్దాయి వకీలు ధర్మము అది కాదు. నేరమును రుజువు చేయు భారము ప్రభుత్వపక్షముపై నుండునే గాని, తాను నిర్దోషినని రుజువు చేసికొను భారము ముద్దాయిపై నుండదనునది ఆంగ్ల న్యాయశాస్త్రమునకును, దానిని అనుసరించిన మన న్యాయశాస్త్రమునకును మూలస్తంభము. ఇంగ్లండులో వూల్మింగ్‌టన్ అను ఇరువదియొక్క ఏండ్ల వ్యవసాయకూలి, పుట్టింట నున్న భార్య తన చేతి తుపాకి ప్రేలి మరణింపగా, అది ప్రమాదవశమున జరిగినదని చెప్పుకొనెను. ప్రమాదమని ఆతడే రుజువు చేసికొనవలెనని క్రింది న్యాయమూర్తి జూరీకి బోధించెను. ఆ బోధ తప్పని 1935లో ప్రభువుల సభ తీర్పు చెప్పి ఆతనిని ఉరికంబము నుండి తప్పించెను. కావున ముద్దాయి పక్షమున నిలిచిన న్యాయవాది అసలు హంతకుడెవరో చెప్పనక్కరలేదు; ప్రాసిక్యూషన్ వారు తెచ్చిన సాక్ష్యము చాలదని చూపినచో పని తీరినది. కాని నవల చదువువాడు అంతటితో తృప్తి చెందునా? మూడువందల పుటలు చదివిన పిమ్మట, సాక్ష్యము చాలనందున కేసు కొట్టివేయబడినది, పుస్తకము మూయుమనిన వాడు ఒప్పుకొనడు. న్యాయస్థానమునకు చాలిన ముగింపు ఒకటి, కథకు కావలసిన ముగింపు మరియొకటి. ఈ రెండింటిని ఒక్క కథలో నిర్వహింపవలసి వచ్చుటయే ఈ నవలాకారులకు ఏర్పడిన చిక్కు, ఈ నవలలకు అబ్బిన సొగసు.

ఈ చిక్కును మిక్కిలి సులభమైన రీతిని విడదీసినవాడు అమెరికా రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్. తాను స్వయముగా కాలిఫోర్నియాలో న్యాయవాదవృత్తి చేసినవాడు. 1933లో పెరీ మేసన్ అను న్యాయవాదిని సృష్టించి, ఎనుబదికి పైబడిన నవలలలో ఆతనిని నడిపించెను. మేసన్ కక్షిదారు దాదాపు ఎల్లప్పుడును నిర్దోషియే. అసలు దోషి తరచుగా కోర్టులోనే, మేసన్ వేయు ప్రశ్నల తాకిడికి ఆగలేక బయటపడును. అనగా, ముద్దాయి విడుదలయు హంతకుని పట్టుబాటును ఒక్క గడియలో జరిగిపోవును. న్యాయవాది డిటెక్టివుగా మారుటచే చిక్కు విడిపోయినదే గాని, న్యాయవాదవృత్తిలోని ధర్మసంకటము కూడ దానితోనే మాయమైనది. ఆ కథలలో నిత్యము కనిపించు స్త్రీ మేసన్ కార్యదర్శిని డెల్లా స్ట్రీటు. చురుకైనది, ధైర్యవతి, యజమాని మనసు మాటకు ముందే గ్రహింపగలది. అయినను న్యాయవాది కాదు. తక్కిన స్త్రీలు కక్షిదారులుగానో సాక్షులుగానో వచ్చి పోవుదురు.

స్త్రీని వాదించు స్థానమున నిలుపు ఊహ సాహిత్యమునకు క్రొత్త కాదు. షేక్‌స్పియరు నాటకమున పోర్షియా పురుషవేషము ధరించి వెనీసు న్యాయసభకు వచ్చినది; కాని ఆమె ఆంటోనియో పక్షమున వకాలతు పుచ్చుకొనలేదు, న్యాయకోవిదునిగా వచ్చి తీర్పు చెప్పినంత పని చేసినది. అభియోగమునకు గురియైనవాని కొఱకు పట్టుబట్టి పాటుపడిన స్త్రీని చూడగోరినచో 1875లో విల్కీ కాలిన్స్ ప్రకటించిన 'ది లా అండ్ ది లేడీ' అను నవలకు రావలెను. కాలిన్స్ బారిస్టరు పట్టము పుచ్చుకొని ప్రాక్టీసు పెట్టనివాడు. ఆయన నాయిక వలేరియా, తన భర్త మొదటి భార్యకు విషము పెట్టెనన్న అభియోగముపై స్కాట్లండులో విచారింపబడెనని, పెండ్లియైన కొలదిదినములకే తెలిసికొనును. ఆ దేశపు చట్టమున దోషి, నిర్దోషి అను తీర్పులకు తోడు, నేరము రుజువు కాలేదను మూడవ తీర్పు ఒకటి ఉండెడిది. ఆతనికి పడినది అదియే. శిక్ష పడలేదు, కళంకమును పోలేదు. ఆ విచారణ వృత్తాంతమును సాంతము చదివి, నాటి వ్యక్తులను తిరిగి వెదకి పట్టుకొని, భర్త పేరు నిష్కళంకము చేయుటకు వలేరియా పూనుకొనును. ముద్దాయి వకీలు చేయవలసిన పనియంతయు ఆమె చేసినది. ఒంటిపై నల్లగౌను లేదు, కోర్టులో నోరు విప్పు అధికారము లేదు.

ఆ అధికారము లేకుండుట కాలిన్స్ కల్పన కాదు, నాటి శాసనము. ఇల్లినాయి రాష్ట్రమున న్యాయశాస్త్రము చదివి, పరీక్షయందు ఉత్తీర్ణురాలైన మైరా బ్రాడ్‌వెల్‌ను న్యాయవాదిగా చేర్చుకొనుటకు ఆ రాష్ట్రమువారు నిరాకరింపగా, 1873లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిరాకరణమునే సమర్థించెను. కాలిఫోర్నియాలో, అయిదుగురు బిడ్డల తల్లియైన క్లారా ఫోల్ట్జ్ చట్టమునే మార్పించి 1878లో న్యాయవాది యయ్యెను. ఫీజు ఇచ్చుకొనలేని ముద్దాయిల కొఱకు ప్రాసిక్యూటరువలెనే ప్రభుత్వవేతనముపై ఒక డిఫెన్సు న్యాయవాది యుండవలెనని 1893లో చికాగో ప్రదర్శనశాల సందర్భమున ఆమె ప్రతిపాదించెను. అట్టి కార్యాలయము 1914లో లాస్ ఏంజెల్స్‌లో వెలసినది. ముద్దాయి రక్షణకై అమెరికాలో నేడు నడచుచున్న ఒక గొప్ప వ్యవస్థకు మూలమైన ఊహ, కోర్టులోనికి త్రోసికొని పోవలసి వచ్చిన ఒక స్త్రీ మనసున పుట్టినదను మాట మనము మరువరాదు.

మన దేశమున ఈ కథ మరింత విచిత్రమైన మలుపు తిరిగినది. 1866లో నాసికులో జన్మించిన కార్నీలియా సొరాబ్జీ బొంబాయి విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రురాలు. ఆక్స్‌ఫర్డు సోమర్‌విల్ కళాశాలలో చదివి 1892లో న్యాయశాస్త్ర పరీక్షకు కూర్చుండిన తొలి స్త్రీ. పరీక్ష వ్రాయనిచ్చిన ఆ విశ్వవిద్యాలయము పట్టమును మాత్రము 1922 వరకు ఇయ్యలేదు. తిరిగివచ్చిన పిమ్మట, కోర్టు అనుమతించినచో సన్నదు లేని వ్యక్తియు ముద్దాయి పక్షమున మాటాడవచ్చునన్న శాసనపు వెసులుబాటును పట్టుకొని, 1896లో పూనా సెషన్సు కోర్టులో హత్యానేరము మోపబడిన ఒక స్త్రీ పక్షమున ఆమె వాదించెను. అయినను వృత్తి ద్వారము తెరువబడలేదు. 1916లో రెజీనా గుహ అను విద్యావతి దరఖాస్తును కలకత్తా హైకోర్టు త్రోసిపుచ్చినది. 1923లో చట్టము వచ్చువరకు స్త్రీల వకాలతుకు దేశవ్యాప్తమైన స్థిరత్వము లేదు. ఈలోపల, 1904లో బంగాళ ప్రభుత్వము కార్నీలియాను కోర్టు ఆఫ్ వార్డ్సులో సలహాదారుగా నియమించెను. బంగాళము, బిహారు, ఒరిస్సా, అస్సాము సంస్థానములలో ఘోషాలో నున్న రాణుల ఆస్తులు, దత్తతలు, మైనరుల చదువులు, మనోవర్తులు ఆమె పరిశీలింపవలసినవి. ఆమె రాజభక్తురాలు, గాంధీగారి ఉద్యమమునకు విముఖురాలు. ఆ అభిప్రాయములతో మనకు ఏకీభావము లేకున్నను, ఆమె చేసిన పని విలువ తగ్గదు.

ఆ పని విలువ తెలియవలెననిన ఘోషా స్త్రీల విషయమున నాటి న్యాయశాస్త్రము ఎట్లుండెనో గ్రహింపవలెను. ఆచారముచే బయటికి రాని స్త్రీ కోర్టుకు స్వయముగా హాజరు కానక్కరలేదని సివిలు ప్రొసీజరు కోడే చెప్పుచున్నది. ఆమె సంతకమున్న దస్తావేజును ఆధారముగా చూపువాడు, అందలి విషయమును ఆమెకు చదివి వినిపించిరనియు, అది ఆమెకు బోధపడినదనియు, స్వేచ్ఛగా సమ్మతించెననియు రుజువు చేయవలెనని ప్రివీ కౌన్సిలు పలుమారులు ఘోషించినది. ఉత్తమమైన సూత్రమే; కాని ఆమెకు చదివి వినిపించినవాడెవడు? తెర వెనుక నిజముగా మాటాడినది ఆమెయేనా? బయట కూర్చున్న పురుష న్యాయవాదికి వినబడునది ఒక కంఠస్వరము, కనబడునది దివాను మధ్యవర్తిత్వమున వచ్చిన ఒక కాగితము. మన తెలుగు దేశపు జమీందారీలలోను కోర్టు ఆఫ్ వార్డ్సు పాలు పడినవి కలవు గనుక, రాణివాసమునకును కచ్చేరికిని నడుమ కాగితములెట్లు నడచెడివో మన పెద్దలకు తెలియని విషయము కాదు. ఇట్టి వ్యవస్థయందు స్త్రీ న్యాయవాదికి విపరీతమైన స్థితి యేర్పడినది: పురుషులు నిరాటంకముగా పోవు కోర్టు గదిలోనికి ఆమెకు ప్రవేశము లేదు, పురుషుడెవ్వడును పోజాలని అంతఃపురపు గదిలోనికి ఆమెకు ప్రవేశము కలదు. అపరాధ పరిశోధక నవలకు ఇంతకంటె సహజమైన పునాది వేరొకటి దొరకునా?

ఈ పునాదిపై కట్టిన నవలలలో మేలైనది 2018లో సుజాతా మాసీ రచించిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్'. రచయిత్రి ఇంగ్లండులో జన్మించి అమెరికాలో పెరిగినది. తండ్రి భారతీయుడు, తల్లి జర్మనుదేశీయురాలు. కథాకాలము 1921, స్థలము బొంబాయి. నాయిక పర్వీన్ మిస్త్రీ పార్సీ యువతి, ఆక్స్‌ఫర్డులో చదివినది, తండ్రి జంషెడ్జీ నడుపు న్యాయకార్యాలయమున సొలిసిటరుగా పనిచేయునది. కార్నీలియా జీవితమును, బొంబాయి హైకోర్టున తొలి స్త్రీ బారిస్టరైన మిఠన్ టాటా లామ్ జీవితమును ఈ పాత్రకు ప్రేరణలు. పర్వీన్ కోర్టులో వాదింపజాలదు; వీలునామాలు, ఒప్పందములు, ఆస్తిపత్రములు ఆమె పాలు.

ఒమర్ ఫరీద్ అను మిల్లు యజమాని మరణించెను. ఆయనకు మువ్వురు భార్యలు, మువ్వురును మలబారు కొండపై భవనమున ఘోషాలో నున్నవారు. మహమ్మదీయ ధర్మశాస్త్రము ననుసరించి, సంతానమున్నపుడు భార్యలందరికిని కలిపి ఎనిమిదవ వంతు ముట్టును. ఇదిగాక పెండ్లినాడు ఒప్పుకొన్న మెహరులో బాకీయున్న భాగము భర్త మరణానంతరము చెల్లవలెను. ఈ మువ్వురును తమకు రావలసినది వదలుకొని ఒక వక్ఫు ధర్మమునకు ఇచ్చివేయుదుమని వ్రాసినట్లు ఒక ఉత్తరము వచ్చును. సంతకములను చూచిన పర్వీన్‌కు అనుమానము తోచును. ఆ యింటి వ్యవహారములు చూచు ముక్రీ అను పురుషుడే వారందరి పక్షమున మాటాడుచున్నాడు. మువ్వురిని వేర్వేరుగా కలిసికొని, వారు సంతకము చేసినదేమో వారికి తెలియునా యని అడుగుట తన విధి యని ఆమె భవనమునకు పోవును. పిదప ఆ యింటనే ముక్రీ హత్య చేయబడును. పోలీసులకు అంతఃపురమున ప్రవేశము లేదు. హంతకుడెవరో నేను చెప్పబోను; పుస్తకము చదువగోరు శ్రోతలకు ద్రోహము చేయరాదు. రచయిత్రి నేర్పు ఎచటనున్నదో మాత్రము చెప్పుదును. ఈ నవలలో ఆధారములనగా పాదముద్రలును రక్తపుచుక్కలును కావు; మెహరు లెక్క, వారసత్వపు వంతు, సంతకము తీరు, ఒక్కొక్క స్త్రీ తన గదిలో తలుపు మూసికొని చెప్పిన మాటకును, మరియొకతె చెప్పిన మాటకును గల తేడా. వితంతువులు మువ్వురిని ఒక్క మూకగా భావించి కాగితము పంపినవాని లెక్క, వారిని మువ్వురు వ్యక్తులుగా భావించి ప్రశ్నించిన క్షణముననే తారుమారైనది.

ఈ కథతో పెనవేసి, పర్వీన్ పూర్వకథ మరియొకటి నడచును. యౌవనమున తొందరపడి కలకత్తాలో చేసికొన్న వివాహము, అత్తవారింట బహిష్టు దినములలో ఏకాంతనిర్బంధము, భర్త చేసిన హింస, తుదకు బొంబాయికి పారిపోయి వచ్చుట. 1865 నాటి పార్సీ వివాహ చట్టము వేశ్యాగమనమును భర్త వ్యభిచారముగా లెక్కింపలేదు. కనుక ఆమెకు లభించినది వేరుకాపురమే గాని విడాకులు కావు. ఈ చట్టమును 1936లో గాని మార్చలేదు. తనను రక్షింపలేని చట్టముతోనే ఇతరులను రక్షింపవలసిన స్థితి పర్వీన్‌ది. ఉపకథ యను పేర కొందరు విమర్శకులకు ఇది అధికప్రసంగముగా తోచినను, నాయిక ప్రతి కాగితమును ఇంత సంశయముతో చదువుటకు హేతువు ఈ భాగమే గదా!

తరువాతి నవలలలో పర్వీన్ క్రమముగా క్రిమినలు వ్యవహారమునకు చేరువ యగును. 'ది సతాపుర్ మూన్‌స్టోన్' అను దానియందు ఘోషాలో నున్న రాజమాతలకు మైనరు రాజు చదువును గూర్చి కలిగిన తగవును తీర్చుటకు ప్రభుత్వము ఆమెను పంపును. ఇది కార్నీలియా ఉద్యోగమునకు అచ్చమైన ప్రతిబింబము. 'ది బాంబే ప్రిన్స్' నందు, వేల్సు యువరాజు 1921 నవంబరు 17న బొంబాయిలో దిగిన నాటి హర్తాళు, అల్లరుల నడుమ ఒక విద్యార్థిని మరణింపగా, కరోనరు విచారణలో ఆమె తలిదండ్రుల పక్షమున పర్వీన్ నిలుచును. 2023 నాటి 'ది మిస్ట్రెస్ ఆఫ్ భాటియా హౌస్' నందు మాత్రము ముద్దాయియే కథాకేంద్రము: మంటలలో చిక్కిన పిల్లవానిని కాపాడి తాను కాలిన ఆయా సునంద, గర్భస్రావము చేసికొన్నదన్న ఫిర్యాదుపై అరెస్టు చేయబడును. గర్భము తీసినవారినే గాక, తనంత తాను తీసికొన్న స్త్రీని సైతము నేరస్థురాలిగా ఎంచినది ఇండియన్ పీనలు కోడు 312వ సెక్షను. జామీను ఇచ్చువారు లేని ఆ దాసిని పర్వీన్ విడిపించి తెచ్చును. ఈ నాలుగు నవలలను వరుసగా చదివినవారికి, రాణుల గదులలో నేర్చిన విద్య దాసి కటకటాల యొద్ద ఎట్లు అక్కరకు వచ్చినదో తేటపడును.

అమెరికాలో 1990లలో వెలువడిన నవలల స్థితి వేరు. అప్పటికి కోర్టు ద్వారములు తెరువబడి యున్నవి. న్యాయశాస్త్రము చదివిన స్త్రీలు తామే కలము పట్టిరి. పెరీ ఓషానెసీ అను కలము పేరు వెనుక నున్నవారు ఇద్దరు అక్కచెల్లెండ్రు. అందొకరు హార్వర్డులో చదివి వృత్తి చేసిన న్యాయవాది. 1995లో వచ్చిన వీరి తొలి నవల 'మోషన్ టు సప్రెస్' నందు, కాపురము చెడి కుమారునితో టాహో సరస్సు తీరమునకు వచ్చిన నైనా రైలీ, భర్తను చంపినదన్న అభియోగమునకు గురియైన మిస్టీ అను యువతి పక్షము వహించును. భర్తను కొట్టితినని మిస్టీకి గుర్తున్నది. ఆ పిమ్మట జరిగినది గుర్తులేదు. ఆతని శవము సరస్సులో దొరికినది. ఫిలడెల్ఫియా న్యాయవాదిని లిసా స్కాటొలీన్ సృష్టించిన బెన్నీ రోసాటో స్త్రీలే నడుపు న్యాయకార్యాలయమునకు అధినేత్రి. 1999 నాటి 'మిస్టేకెన్ ఐడెంటిటీ' నందు, పోలీసును చంపినదన్న అభియోగముపై చెరయందున్న ఒక స్త్రీ, నేను నీ కవల సోదరినని చెప్పి బెన్నీని పిలిపించును. ఒక కక్షిదారుకు తన చర్యయే తెలియదు. మరియొక కక్షిదారు మాటను నమ్మవచ్చునో లేదో న్యాయవాదికి తెలియదు. రహస్యము బయటి ప్రపంచమునుండి కక్షిదారు నోటిలోనికి చేరినది. గార్డ్‌నర్ తుడిచివేసిన ధర్మసంకటము ఇచట తిరిగి ప్రాణము పోసికొన్నది: నమ్మి వాదించుట ఎవరైనను చేయుదురు, నమ్మకము కుదరకున్నను వాదనలో లోపము రానీయకుండుట వృత్తిధర్మము.

ఈ శాఖలో దోషములు లేకపోలేదు. నాయిక ప్రాణాపాయములో పడి తప్పించుకొనుటతో కథ ముగియు అలవాటు ప్రబలినది; ఎదురు ప్రశ్నలతో గెలువవలసిన కేసు పరుగుపందెముతో గెలువబడుట న్యాయకథకు శోభ కాదు. ఆమె ప్రణయమునకు ఇచ్చిన పుటలలో సగము సాక్షుల విచారణకు ఇచ్చిన బాగుండెడిదని అనిపించు నవలలు కలవు. అయినను, మేలైన వాటియందెల్ల నాకు కనబడు సామాన్యలక్షణ మొక్కటే: కేసును తిప్పునది, అంతవరకు ఎవ్వరును అడుగని మనుష్యుల మాట. వితంతువును దివాను అడుగలేదు, ఆయాను పోలీసు అడుగలేదు, మిస్టీని ఆమె జ్ఞాపకమే అడుగనీయలేదు. పురుషుడు ఆ ప్రశ్న వేయలేడని నేననను. తన మాటను ఎవరును అడుగని కాలమును దాటి వచ్చిన స్త్రీకి, ఆ ప్రశ్న వేయవలెనని ముందుగా తోచునని మాత్రము అందును.

ఇది కేవలము నవలల సంగతి కాదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి, అచట తోటి ఖైదీలైన స్త్రీల కథలు వినిరి. తమ పక్షమున మాటాడువారు లేకయే శిక్షలు అనుభవించుచున్న ఆ స్త్రీలను చూచిన పిమ్మటనే న్యాయశాస్త్రము చదువవలెనన్న సంకల్పము తమకు దృఢపడినదని వారు ఆత్మకథలో చెప్పుకొనిరి. బాల్యవివాహమును కాదని, ఆగిన చదువును తిరిగి అందుకొని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టములు పొంది, 1942లో మద్రాసున న్యాయవాదవృత్తి ప్రారంభించి, క్రిమినలు కేసులలో పేరు గడించి, రాజ్యాంగ పరిషత్తు వరకు నడచిరి. ఆమె జీవితమున చెరసాల ముందు, న్యాయశాస్త్రము వెనుక. విన్నది ముందు, వాదించినది వెనుక. మన భాషలో ఈ శాఖను పెంపొందింపగోరు యువ రచయిత్రులకు నా విన్నపము ఒక్కటే: విదేశపు కోర్టుదృశ్యమును అనుకరింపక, మన జిల్లా కోర్టు వరండాలలో వకాలతునామాపై వ్రేలిముద్ర వేయుచున్న స్త్రీని, ఆ కాగితములో ఏమి వ్రాసియున్నదో నీకు తెలియునా యని అడుగుటతో కథను ప్రారంభింపుడు. ఆమె చెప్పు జవాబులోనే నవలకు కావలసిన రహస్యమంతయు నుండును.